ఊకబొగ్గు గ్రాఫులో ఒక మెట్టు

పెళ్లయి భిలాయి వచ్చిన మూడో ఏట, పాపకి తొమ్మిదో నెల నడుస్తుండగా, నేను ప్రతి గురువారం ఒక గాజు గొట్టం ముందు కూర్చుని అందులో పాదరసం ఎప్పుడు కదలడం మానుతుందా అని చూస్తూ ఉండేదాన్ని. అది ముగిసి ఇంకా ఏడాది కాలేదు. రాయాలని చాలాసార్లు అనుకున్నాను. పగలు కుదరదు. పాప నిద్రపోయి, గిన్నెలు బోర్లించి, గ్యాస్ కట్టేశానో లేదో రెండుసార్లు చూసుకున్నాకే కలం పట్టుకోగలను.

మా క్వార్టరు సెక్టర్ 7లో, మొదటి అంతస్తు. మావారు స్టీల్ ప్లాంటులో బొగ్గుని కోక్ చేసే కొలుముల దగ్గర, కోక్ ఓవెన్స్‌లో పనిచేస్తారు. ఆయన పుట్టింది ఈ ఊళ్లోనే, క్యాంప్ 1లో. ప్లాంటు కడుతున్న రోజుల్లో వాళ్ల నాన్నగారు విజయనగరం వైపు నుంచి వచ్చేశారు. మావారు నాతో తెలుగే మాట్లాడతారు గానీ నిద్రలో కలవరిస్తే హిందీలో కలవరిస్తారు. నేను గోదావరి వైపు పిల్లని. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పాసై, పరీక్షల తర్వాత నాలుగు నెలలకే పెళ్లయింది. మా బ్లాకులో మెట్ల మీద ఎదురయ్యే ఆడవాళ్లలో సగం మంది తెలుగువాళ్లే. వాళ్ల మాటలన్నీ శ్రీకాకుళం జిల్లాలో నేనెప్పుడూ చూడని ఊళ్ల మీద, నాకు తెలియని చుట్టాల మీద తిరిగేవి. నేను నోరు తెరిస్తే, "సినిమాలోలాగ మాటాడతావమ్మా" అని నవ్వేవారు. ముద్దుగానే నవ్వేవారు. కానీ ఆ తర్వాత ఇంకో మాట అనబుద్ధయ్యేది కాదు.

మావారికి వారానికో షిఫ్టు. ఇంట్లో ఉన్నప్పుడు నిద్రపోవాలి, ఆయన నిద్రపోవాలంటే పాప ఏడవకూడదు. పాపని భుజాన వేసుకుని వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉండేదాన్ని. ఒకరోజు సాయంత్రం గుర్తు చేసుకుంటే, పొద్దుట్నుంచీ పెద్దవాళ్లతో నేను మాట్లాడినవి రెండే మాటలు: పాలవాడితో "ఏక్ లీటర్", కూరలవాడితో చిల్లర లేదని "ఛుట్టా నహీ హై". పాప నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని, ఊపిరి తగులుతోందా అని. తగిలేది. రెండు నిమిషాలకి మళ్లీ పెట్టేదాన్ని.

అలాంటి రోజుల్లో మావారి స్నేహితుడొకరు, దుర్గ్ వెళ్లే దారిలో ఉన్న ఒక కాలేజీలో ప్రాజెక్టు పనికి కెమిస్ట్రీ చదివినవాళ్లు కావాలంటున్నారని చెప్పాడు. వెళ్లి కలిశాను. ఆ ప్రాజెక్టు నడిపే సార్ తెలుగాయనే. తాతగారి కాలంనుంచీ రైల్వేలో పనిచేసిన కుటుంబం. అమ్మ చర్చికి, నాన్న గుడికి వెళ్లే ఇల్లు మాది అని మొదటి రోజే నవ్వుతూ చెప్పారు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఒకే వాక్యంలో వాడేవారు.

"చూడమ్మాయ్, ముందే చెప్తున్నా. మార్చి దాకానే ఈ పోస్టు. ఈలోగా మనకి ఏదన్నా కొత్త రిజల్ట్ వచ్చిందా, గ్రాంట్ ఇంకో రెండేళ్లు పెంచమని అడుగుతాను, నువ్వు ఉంటావు. రాలేదా, బస్, ఖతం."

సరేనన్నాను. ఆయన నన్ను 'అమ్మాయ్' అన్నందుకే సరేననేదాన్ని అప్పుడు.

పని ఏమిటంటే, ఊకని కాల్చి చేసిన బొగ్గుకి లోపల ఎంత నేల ఉందో కొలవడం. ఛత్తీస్‌గఢ్ అంతా వరే. మిల్లుల వెనక ఊక గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది. దాన్ని సరిగ్గా కాలిస్తే బొగ్గులో కంటికి కనపడని రంధ్రాలు పడతాయి. ఆ రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే ఒక్క చెంచాడు పొడిలోంచి మా బ్లాకు మొత్తం ఇళ్ల నేలంత వస్తుంది. అలా పరవడం ఎలాగూ కుదరదు కాబట్టి వాయువుతో కొలుస్తారు. పళ్లెం ఎంత పెద్దదో తెలియకపోయినా, దాని మీద ఒక్క వరసగా కందిపప్పు పరిచి ఎన్ని గింజలు పట్టాయో లెక్కపెడితే తెలుస్తుంది కదా, అలాగే. మా గింజలు నైట్రోజన్ అణువులు. మామూలు వేడిలో అవి ఎక్కడా నిలవవు, ఎగిరిపోతాయి. బాగా చల్లబరిస్తే బొగ్గు గోడలకి అతుక్కుని కూర్చుంటాయి. దీన్నే అధిశోషణం అని చదువుకున్నాం. నీళ్లు స్పాంజిలోకి ఇంకినట్టు ఇంకడం కాదు. గోడకి ఆనుకుని నిలబడటం, అంతే.

పనిముట్టంతా గాజే. బల్ల మీద గోడ పొడుగునా అమర్చిన గొట్టాలు, బిరడాలు, గాలిని లాగేసే పంపు, పాదరసం నిండిన వంపు గొట్టం. ముందురోజు సాయంత్రం బొగ్గుపొడిని చిన్న గాజుబుడ్డిలో వేసి, వేడిచేస్తూ పంపు నడిపిస్తే తెల్లారేసరికి అందులోని తడి, గాలి అంతా పోతాయి. గురువారం పొద్దున ప్లాంటు నుంచి ద్రవ నైట్రోజన్ వచ్చేది. వారానికి అదొక్కటే రోజు. దాన్ని థర్మాస్ ఫ్లాస్కులో పోసి, బొగ్గు బుడ్డిని అందులో ముంచేదాన్ని. ఆ తర్వాత కొలిచిన నైట్రోజన్‌ని కొంచెం లోపలికి వదలడం, పాదరసం నిలిచేదాకా ఆగడం, ఎత్తు చదవడం, పుస్తకంలో రాయడం. మళ్లీ కొంచెం వదలడం. అలా చదివిన ఒక్కో ఎత్తూ గ్రాఫు మీద ఒక చుక్క, ఒక్కో చుక్కకి పాతిక ముప్ఫై నిమిషాలు. అలాంటి చుక్కలు పద్నాలుగు పదిహేను కలిపితే ఒక గీత. ఆ గీత ఎలా వంగిందో చూసి బొగ్గులో ఎలాంటి రంధ్రాలున్నాయో చెబుతారు.

ఇందులో ఒక్క నియమం తప్పకూడదు. ఫ్లాస్కులో ద్రవం ఊరికే మరిగిపోతూ ఉంటుంది. మట్టం తగ్గిపోతే బుడ్డి మెడలో ఉన్న వాయువు కొంత వెచ్చబడి వ్యాకోచిస్తుంది, పాదరసం తప్పుడు ఎత్తు చూపిస్తుంది. అందుకని సార్ బుడ్డి మెడకి నల్లదారం కట్టించారు. ద్రవం ఎప్పుడూ ఆ దారం దగ్గరే ఉండాలి. ప్రతి చుక్క చదివే ముందు మట్టం చూసి, పుస్తకంలో ఆ వరసకి ఎదురుగా టిక్కు పెట్టాలి.

ద్రవం తెచ్చేది ఉతై అనే పక్క ఊరి నుంచి సైకిలు మీద వచ్చే ల్యాబ్ అటెండర్. యాభై దాటిన మనిషి. నన్ను దీదీ అనేవాడు, నేను భయ్యా అనేదాన్ని. కాలేజీ జీపులోంచి డబ్బా దింపేటప్పుడు చుట్టూ తెల్లటి పొగ దిగేది. "దీదీ, దునియాలో ఇంత చల్లటి వస్తువు లేదంటారు, మరి చాయ్‌లా ఇలా ఉడుకుతుందేం?" అని ప్రతి గురువారమూ హిందీలో అడిగేవాడు. నేను ప్రతి గురువారమూ వచ్చీరాని హిందీలో జవాబు చెప్పేదాన్ని. అతనికి జవాబు తెలుసునని నాకూ తెలుసు. "సార్ ఇప్పటికి ఎన్ని బస్తాల భూసా కాల్చారో! ఇటుకల భట్టీ పెట్టుంటే ఈపాటికి బంగ్లా లేచేది" అనేవాడు. భూసా అంటే ఊక. సార్ వినపడనట్టు ఉండేవారు.

నేను కాలేజీకి వెళ్లినప్పుడల్లా పాపని కింది అంతస్తు పిన్ని చూసేది, మిగతా రోజుల్లో గంటో రెండు గంటలో, గురువారం మాత్రం రోజంతా. చుట్టరికమేమీ లేదు. అందరూ పిన్ని అంటే నేనూ పిన్ని అన్నాను. ఆవిడ భర్త ప్లాంటులో ఫోర్‌మన్, ఇంట్లో ఫోను ఉండేది. గురువారం పొద్దున పాపని ఆవిడ చేతుల్లో పెట్టి గేటు దాటుతుంటే నా ఒంట్లో సగం అక్కడే ఉండిపోయినట్టు ఉండేది. మధ్యాహ్నానికి జాకెట్టు తడిసిపోయేది. మడిచిన పాత చీరముక్కలు సంచిలో పెట్టుకుని వెళ్లేదాన్ని. సాయంత్రం ఇంటికొస్తే, చేతులు మోచేతుల దాకా మూడుసార్లు సబ్బుతో కడిగి, చీర మార్చుకునేదాకా పాపని ముట్టేదాన్ని కాదు. పాదరసం ఎక్కడైనా అంటుకుందేమోనని భయం. పాప పిన్ని చంకలోంచి చేతులు చాచి ఏడుస్తూ ఉండేది.

ఇన్ని భయాల మధ్య కూడా ఆ గురువారాల కోసం ఎదురుచూసేదాన్ని. అక్కడ ఎవరూ లేకపోయినా ఖాళీగా అనిపించేది కాదు. పాదరసం నిలవడం కోసం ఆగుతున్న మనిషికి ఒక పని ఉన్నట్టే కదా.

ఫిబ్రవరిలో ఒక గురువారం పాపకి దగ్గు పట్టుకుంది. ముందురోజు నుంచీ ఉంది. జ్వరం లేదు. మానేద్దామనుకున్నాను గానీ బొగ్గు రాత్రంతా వేడి మీద ఉంది, ద్రవం వచ్చేస్తుంది, నేను వెళ్లకపోతే ఆ వారమంతా వృథా. వెళ్లాను. ఏడో చుక్క చదివాక ఎనిమిదో మోతాదు వదిలాను. దానికెలాగూ అరగంట పడుతుంది. భయ్యాని సార్ ఏదో పని మీద ఆఫీసుకి పంపారు. సార్ క్లాసులో ఉన్నారు. రోడ్డు అవతల పసుపు బోర్డున్న పీసీవో ఉంది. పది నిమిషాల్లో వచ్చేయొచ్చనుకున్నాను.

పీసీవోలో ముగ్గురున్నారు. నా వంతు వచ్చాక పిన్ని ఫోను ఎంగేజ్. మళ్లీ చేస్తే ఎంగేజ్. ఇంకొకర్ని మాట్లాడనిచ్చి మళ్లీ చేశాను. ఎంగేజ్. ఎవరితో మాట్లాడుతోంది? డాక్టర్‌తోనా? ఆసుపత్రికా? చివరికి కలిసింది.

"ఏటమ్మా, ఏటైంది?" అంది పిన్ని.

"ఏం కాలేదు పిన్నీ, పాప ఎలా ఉంది?"

"ఎలగుంటాది? పాలు తాగీసి తొంగుంది. ఈ ఫోన్ మోతకి లెగిసిపోతాదేటోనని నానే బయపడతన్నాను."

"దగ్గు?"

"పిల్లలన్నాక దగ్గు రాదేటి? కరక్కాయ అరగదీసి నాలిక మీద రాసేను. మా అక్కతో మాటాడతంటే ఈ గోలేటి నీకు? ముందు నువ్వేటైనా తిన్నావా, నేదా?"

నవ్వబోయి ఏడుపొచ్చింది. పీసీవో అతను అటు తిరిగి కూర్చున్నాడు. మొహం తుడుచుకుని వెనక్కి వచ్చేసరికి ఫ్లాస్కులో మట్టం దారానికి చాలా కిందకి దిగిపోయి ఉంది. పాదరసం నిలిచే ఉంది. చదివి రాశాను. పక్కనే టిక్కు పెట్టాను. ఎందుకు పెట్టానంటే, ఎప్పుడూ పెడతాను కాబట్టి. చెయ్యి దానంతటది పెట్టేసింది. ఆ తర్వాత కంగారుగా డబ్బాలోంచి ద్రవం పోశాను. దారం దాటి రెండు వేళ్లు పైకి పోసేశాను. మిగతా చుక్కలన్నీ ఆ మట్టం దగ్గరే చదివాను.

శనివారం సార్ నా అంకెలు తీసుకుని గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయారు.

"అమ్మాయ్, ఇలా రా. ఇది చూశావా?"

గీత మామూలుగా లేచి, మధ్యలో ఒకచోట చదునై, అక్కడ్నుంచి ఒక్కసారిగా పైకెక్కింది. మెట్టులాగా. అచ్చం అలాంటిదే పుస్తకాల్లో చూశాను. ఒకే కొలతలో ఉన్న రంధ్రాలన్నీ ఒకేసారి నిండితే అలా వస్తుంది.

"మూడేళ్లుగా భూసా కాలుస్తున్నాను. ఒక్కసారి కూడా ఇలా రాలేదు. అరె వాహ్! ఇది దొరికిందంటే గ్రాంటు వాళ్లు కాదనరు. నువ్వింక ఎక్కడికీ వెళ్లక్కర్లేదు."

ఆ వారం నా జీవితంలో ఒక వింత వారం. పక్క గదుల్లోంచి లెక్చరర్లు వచ్చి గ్రాఫు చూసి, నన్ను కూడా చూసేవారు. ఒకావిడ తన డబ్బాలోంచి పరాఠా తీసి నా చేతిలో పెట్టింది, ఏ ఊరని అడిగింది, పాప పేరు అడిగింది. భయ్యా నాకు కూడా టీ తేవడం మొదలుపెట్టాడు. "బంగ్లా లేచేలాగే ఉంది, దీదీ" అన్నాడు. బస్సులో ఇంటికొస్తుంటే కిటికీ అద్దంలో నా మొహం నవ్వుతూ కనిపించింది. ఎన్నాళ్లయిందో.

సార్ ఒక సదస్సుకి పంపడానికి చిన్న వ్యాసం రాసి, గ్రాఫుని నల్లసిరాతో శుభ్రంగా గీయమని నాకిచ్చారు. గీయడానికి నోటుపుస్తకం తెరిచాను. చుక్కల పక్కన టైము రాసే గడి ఉంటుంది. ఏడో చుక్క పన్నెండూ పది. ఎనిమిదోది ఒకటీ ఇరవై అయిదు. గీత చదునైంది ఎనిమిదో చుక్క దగ్గర. పైకెక్కింది తొమ్మిదో దగ్గర.

నేను పీసీవోలో ఉన్న సేపది.

మట్టం దిగింది కాబట్టి బొగ్గు పట్టుకున్న వాయువుని ఎనిమిదో చుక్క తక్కువ చూపించింది. దారం దాటి పోశాను కాబట్టి తొమ్మిదో చుక్క నుంచీ అన్నీ ఎక్కువ చూపించాయి. బొగ్గులో ఏమీ లేకపోవచ్చు. ఆ మెట్టు నా కంగారే కావచ్చు. కలం మూతపెట్టాను. 'కావచ్చు' అన్న మాట పట్టుకున్నాను. నిజంగా మెట్టు ఉండి, నేను వెళ్లిన గంట దాని మీద పడి ఉండొచ్చు కదా. రెండు రోజులు గ్రాఫు గీయకుండా ఏవో సాకులు చెప్పాను. నిబ్బు బాగా లేదన్నాను.

మావారికి చెప్పాను. ఆయన స్నానం చేసొచ్చి, చెవుల్లో మిగిలిన బొగ్గు నలుసుని తువ్వాలు కొసతో తీసుకుంటున్నారు.

"ఒక్క టిక్కే కదా?"

"చూడకుండా పెట్టానండీ."

"ఆ మెట్టు నిజంగానే ఉండొచ్చుగా? నీకేటి తెలుసు?"

"ఉండకపోవచ్చు కూడా."

"అరె, ఇప్పుడెళ్లి చెప్తే ఏటవుద్ది? ఏప్రిల్ నుంచి ఇంట్లో కూర్చుంటావు. మాటాడేవాళ్లు లేరని మళ్లీ నాకే చెప్తావు. నేనేం చెయ్యను? షిఫ్టు మానేసి నీతో కూర్చోనా?" అన్నారు. కోపంగా అనలేదు. ఆయనకి నిజంగా తెలియకే అడిగారు. "సోచ్ లో" అని పాప పక్కన పడుకున్నారు. ఆలోచించుకోవడమే తప్ప నేను చేస్తున్నదేముంది?

ఆలోచిస్తే నాకు తట్టింది ఒక్కటే. నేను మాట్లాడకపోతే ఆ గదిలో ఉండొచ్చు. టీ ఉంటుంది, పరాఠా ఇచ్చే మనిషి ఉంటుంది. కానీ ఆ మెట్టు గురించి ఎవరు అడిగినా, ఎప్పుడడిగినా, అందులో పీసీవో ఉందని నాకొక్కదానికే తెలుసు. రెండేళ్లు అలా అందరి మధ్యా కూర్చోవడం ఇంట్లో కూర్చోవడం కంటే సుఖమేమీ కాదనిపించింది.

సోమవారం పుస్తకం పట్టుకుని సార్ గదికి వెళ్లాను. వ్యాసం కవర్లో పెట్టి, అడ్రసు రాసి, బల్ల మీద ఉంది. గ్రాఫు కోసమే ఆగింది.

"సార్, ఎనిమిదో రీడింగ్ అప్పుడు నేను గదిలో లేను. మట్టం దిగిపోయింది."

ఆయన పుస్తకం తిప్పి చూశారు. "టిక్కు ఉందిగా?"

"చూడకుండా పెట్టాను సార్. తర్వాత ఎక్కువ పోశాను."

"ఎక్కడికెళ్లావు?"

"ఫోను చేయడానికి. పాపకి దగ్గు."

కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఎంతసేపని అడిగారు. చెప్పాను. మట్టం ఎంత దిగిందని అడిగారు. వేళ్లతో చూపించాను. ఎంత పైకి పోశానని అడిగారు. అదీ చూపించాను. అన్నీ ఒక చిత్తుకాగితం మీద రాసుకున్నారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. కవరు తీసి సొరుగులో పెట్టి, "గురువారం మళ్లీ చేయండి, మేడమ్. అదే బొగ్గు" అన్నారు.

మేడమ్ అన్నారు. బయటికి వచ్చి నీళ్ల కుండ దగ్గర నిలబడి రెండు గ్లాసులు తాగాను.

ఆ గురువారం కుర్చీలోంచి లేవలేదు. మట్టాన్ని దారం దగ్గరే నిలబెట్టాను. పాపకి దగ్గు తగ్గిపోయింది గానీ ఫోను చేయాలని చెయ్యి లాగుతూనే ఉంది. పదిహేను చుక్కలూ ఒక నున్నటి వంపు మీద కూర్చున్నాయి. మెట్టు లేదు. సార్ గ్రాఫుని కిటికీ వెలుగులో పెట్టి చూశారు.

"ఇంతటితో తేలలేదు. బొగ్గు డబ్బాలో మూడు వారాలుంది, మారి ఉండొచ్చు. అప్పటి తప్పు మళ్లీ చేసి చూపించండి. అదే చోట మెట్టు వస్తే, మెట్టు మట్టానిదే."

"మళ్లీ వదిలేయాలా సార్?"

"సేమ్ టు సేమ్. గంటా పది నిమిషాలు. భయ్యాని కూడా ముట్టొద్దని చెప్పండి."

మార్చి రెండో గురువారం ఏడో చుక్క చదివి, ఎనిమిదో మోతాదు వదిలి, ఫ్లాస్కుని అలా మరగనిచ్చి బయటికి వచ్చేశాను. గంటా పది నిమిషాలు ఎక్కడికి పోవాలో తోచలేదు. పీసీవోకి వెళ్లలేదు. వరండా చివర మెట్ల మీద కూర్చున్నాను. భయ్యా వచ్చి రెండు మెట్లు కింద కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు.

"దీదీ, పని పాడు చేయమని ఆర్డరు ఇచ్చిన సార్‌ని నా నౌకరీలో మొదటిసారి చూస్తున్నాను" అన్నాడు హిందీలో.

"నేనూ" అన్నాను.

"పాడవుతుందా?"

"పాడవకపోతే నేను తప్పు చెప్పానన్నట్టు. పాడైతే ఇక్కడ్నుంచి వెళ్లిపోవాలి."

బీడీ బూడిద మెట్టు అంచున దులిపాడు. "మరి ఏది కావాలని దేవుడికి చెప్పుకుంటున్నారు?"

టైము చూసుకుని లేచాను. మట్టం ఆ రోజు దిగినంతే దిగింది. ఎనిమిదో చుక్క చదివాను. ఈసారి టిక్కు పెట్టలేదు. దారం దాటి రెండు వేళ్లు పైకి పోశాను. సాయంత్రం సార్ నా పక్కనే నిలబడి చుక్కలు పెట్టారు. ఎనిమిదో దగ్గర గీత చదునైంది. తొమ్మిదో దగ్గర మెట్టెక్కింది. పాత గ్రాఫు మీద కొత్త గ్రాఫు పెట్టి కిటికీకి ఆనించి చూపించారు. రెండు మెట్లూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

నాకు సంతోషం వేసింది. అది రాయకపోతే అబద్ధమవుతుంది. ఒక్క క్షణమే, నేను చెప్పింది ఇంత కచ్చితంగా నిజమైనందుకు. సార్ మొహంలోనూ అదే చూశాను. ఇద్దరం కెమిస్ట్రీ చదువుకున్నవాళ్లం, పని సరిగ్గా కుదిరింది. మరుక్షణం ఆయన కాగితాలు రెండూ మడిచారు.

"మామూలు బొగ్గే అన్నమాట. మామూలు బొగ్గు చూపించి రెండేళ్లు ఏమని అడగను, అమ్మాయ్?"

అడగలేదు. రిపోర్టులో చివరి పేజీలో, మట్టం తగ్గితే ఇలాంటి మెట్టు వచ్చి మోసం చేస్తుందని, రెండోసారి చేసి నిర్ధారించామని నాలుగు వాక్యాలు రాశారు. ఆ పేజీ టైపు చేసింది నేనే. పరాఠా ఇచ్చినావిడ ఆ తర్వాత ఎదురైనప్పుడు తల ఊపి వెళ్లిపోయేది. ఆవిడ తప్పేమీ లేదు. మాట్లాడటానికి మా ఇద్దరి మధ్య ఉన్నది ఆ మెట్టు ఒక్కటే.

మార్చి ఆఖరి రోజున పాదరసం సీసాలోకి దింపి, బిరడాలకి పూసిన గ్రీజు తుడిచి, తాళంచెవులు సార్ బల్ల మీద పెట్టాను. సార్ లేచి నిలబడ్డారు. ఇంకెక్కడైనా ఖాళీ ఉంటే చెప్తానన్నారు. భయ్యా గేటు దాకా వచ్చాడు.

బస్టాపుకి వచ్చేసరికి మూడే అయింది. పిన్ని నేను ఆరింటికి వస్తాననుకుంటుంది. మావారు బి షిఫ్టు, రాత్రికి గానీ రారు. ఆరింటి దాకా నా కోసం ఎదురుచూసేవాళ్లు ఊళ్లో ఒక్కరు లేరు. రెండు బస్సులు వదిలేశాను. ఎండ బెంచీ మీదికి వచ్చింది, జరిగి కూర్చున్నాను. ఎక్కడికైనా వెళ్లొచ్చు. ఎక్కడికని ఆలోచిస్తే ఒక్క చోటు కూడా తట్టలేదు. మూడో బస్సు ఎక్కాను.

పిన్ని గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పాప లోపల చాప మీద గిన్నె బోర్లించి కొడుతోంది.

"ఏటమ్మా, ఇయాల బేగొచ్చీసావు?"

"పని అయిపోయింది పిన్నీ."

"అయిపోతే మంచిదే. మరి వచ్చే లచ్చివారం?"

"రేపట్నుంచి ఉండదు. పాపని నేనే చూసుకుంటాను."

పిన్ని చేతిలో గింజ పడేసి నావైపు చూసింది. పక్కకి జరిగి గడపలో చోటిచ్చింది. నేను కూర్చోలేదు. లోపలికి వెళ్లి ముందు చేతులు కడుక్కున్నాను.